వెనకవైపు ఒక్క గీత లేని గిటారు

అధ్యక్షత వహించిన మేనేజరు గారికి, ఏమీ రానివాణ్ని పనిలో పెట్టుకుని ఓపిక పట్టిన పెద్దాయనకి, ముందు వరసలో కూర్చున్న మా పాత అన్నలకి, ఉపన్యాసం ఎప్పుడైపోతుందా, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తున్న వెనక వరస మిత్రులకి, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు) రిటైరయ్యేవాణ్ని పొగడాలి కాబట్టి మేనేజరు గారు ఇందాక నా గురించి చెబుతుంటే, ఎవరా ఈ మహానుభావుడు, నాకు పరిచయం లేదే అని నేనూ చుట్టూ చూశాను.

ఇక్కడ నన్ను అందరూ ‘ముసలితనం మాస్టారు’ అంటారు. మీసాలు సరిగ్గా రాని రోజుల్లోనే ఆ పేరు పెట్టారు. కొత్త ఎలక్ట్రిక్ గిటార్లకి ముసలితనం తెప్పించడమే నా ఉద్యోగం కదా మరి. అదిగో, కిటికీ పక్కన కూర్చున్నాడే, మా పెయింటు సెక్షన్ బావ, వరసకి కాదులెండి, నోటి వరసకే బావ, ఆయన అద్దంలా మెరిపించి పంపిన గిటారుని నేను ఒళ్లో పెట్టుకుని ఉప్పు కాగితంతో రుద్ది, తాళాల గుత్తితో నొక్కులు పెట్టి, ఫ్రీజర్లో పెట్టి తీసి రంగుకి సన్నటి పగుళ్లు తెప్పించేవాణ్ని. “నేను పెళ్లికూతుర్ని చేసి పంపిస్తే నువ్వు అమ్మమ్మని చేసి పంపిస్తావేంటయ్యా!” అని ఆయన తిట్టని రోజు లేదు. (నవ్వులు) చూడు బావా, ఇప్పుడు కూడా నీ మొహం అలాగే పెట్టావు.

ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవారు. బంగారం లాంటి వస్తువుని చేతులారా పాడుచేయడం ఏమిటండీ, ఇది మోసం కాదూ అని. పాతదని చెప్పి అమ్మితే మోసం. మనం దాని మీద తయారైన సంవత్సరం అచ్చు వేసి మరీ అమ్ముతాం. కొత్త చెప్పు కరుస్తుందని అందరికీ తెలుసు. కొత్త గిటారూ అంతే. ఎక్కడ గీత పడుతుందోనని వాయించేవాడు బిగుసుకుపోతాడు, గోడకి ఆనించడు, పక్కవాడికి ఇవ్వడు, చివరికి పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. మొదటి గీత పడిన రోజు ఏడవాల్సిన ఏడుపేదో మేమే ఏడ్చి పంపిస్తే ఇక వాడు హాయిగా వాయించుకుంటాడు. చెయ్యి పట్టే మెడ వెనక పాలిష్ అరగదీసిన గిటారు మీద బొటనవేలు ఎలా నడుస్తుందో ఒక్కసారి చూసినవాడు మళ్లీ ఈ ప్రశ్న అడగడు.

కాకపోతే ఊరికే గీకితే గీకినట్టే ఉంటుంది. ఎవరో ఒక మనిషి వాయించినట్టు ఉండాలి. అందుకని పని మొదలుపెట్టే ముందు ఒక మనిషిని మనసులో ఊహించుకునేవాణ్ని. మనిషి లావా, సన్నమా, కోపిష్ఠా, చెయ్యి ఎక్కడ ఆనిస్తాడు, ఎన్ని ఊళ్లు తిరిగాడు, ఎవరితో పోట్లాడి గిటారుని కుర్చీకేసి కొట్టాడు. మా సెక్షన్లో చేరినవాళ్లకి నేను మొదట నేర్పిందీ ఇదే. మచ్చలు చూసి మనిషిని చెప్పండి, తర్వాత ఉప్పు కాగితం ముట్టుకోండి అనేవాణ్ని. చాదస్తం అనుకున్నారు. అనుకోండి.

మా ఆవిడ పోయాక ఆ లేని మనుషులే నాకు తోడు. సాయంత్రం బస్సులో వాళ్ల గురించి ఆలోచించుకుంటూ వెళ్లేవాణ్ని. ఆవిడ పోయిన ఏడాది భోజనాల బల్ల ఒకటి కొన్నాను. ఒక్క కుర్చీ చాలయ్యా అంటే, నాలుగూ సెట్టుగానే ఇస్తామన్నాడు కొట్టువాడు. మొన్న ఇల్లు తుడుస్తూ చూద్దును కదా, ఒక కుర్చీకి చేతులు అరిగాయి, సీటు కుంగింది, వీపు ఆనేచోట మెరుపు పోయింది. మిగతా మూడూ కొట్లోంచి నిన్న తెచ్చినట్టున్నాయి. ఇంకొకళ్లయితే గమనించేవాళ్లు కాదేమో, మనది ఈ వృత్తి అయిపోయె.

ఒక పాటగత్తె గారు మీకు గుర్తుండే ఉంటారు. ఇల్లు కాలిపోయి గిటారు పోయిందని, ఫొటోలు పట్టుకొచ్చి అలాంటిదే చేసిపెట్టమన్నారు. ప్రతి నొక్కూ, ప్రతి పెచ్చూ దించాను. ఆవిడ ఒళ్లో పెట్టుకుని చెయ్యి వేశారు, ఆ చెయ్యి దాని చోటుకి అదే వెళ్లిపోయింది, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంతలో అంచు మీద వేలు పెట్టి, “ఇక్కడ మా పాప చెంచాతో కొట్టిన సొట్ట ఉండేదండీ” అన్నారు. ఎంతసేపమ్మా, ఇప్పుడే పెట్టిస్తానన్నాను. “వద్దండీ, అది మాత్రం వదిలేయండి” అన్నారు. నా పనిలో నాకు చేతకానిదొకటి ఉందని ఆ రోజు తెలిసింది.

ఇక ఈ బహుమతి. తీగలు బిగించే సెక్షన్ నుంచి మా తీగలమ్మ, మా సెక్షన్ వాళ్లు కలిసి, నాకు తెలియకుండా నా కోసం ముసలిదాన్ని చేసిన గిటారు. ఇన్నేళ్లలో నేను సొంతానికి ఒక్కటీ కొనుక్కోలేదు. ఉండండి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి. నేర్పినవాణ్ని, చూడకుండా ఎలా పట్టుకెళ్తాను?

ముంజేయి ఆనేచోట రంగు బాగా తీశారు, పలచగా, తొందర లేకుండా. కింద తొడ మీద ఆనేచోట అరిగింది, అంటే కూర్చుని వాయించే మనిషి. పై అంచున ఈ మసక ఏమిటి... ఓహో. చెంప ఆనినచోటు. భోజనాల వేళ యాంప్లిఫయర్ పెట్టకుండా, చెక్కకి చెవి ఆనించి నేను వాయించుకోవడం మీరెప్పుడు చూశారర్రా? ఎవరూ లేరనుకునేవాణ్ని.

సరే, వెనక్కి తిప్పుదాం. వెనక ఏమీ లేదు. కూర్చుని వాయించేవాడైనా ఎప్పుడో ఒకప్పుడు నిలబడతాడు కదా, అప్పుడు బెల్టు బకిల్ రాసుకుని ఇక్కడంతా గీతలు పడాలి. ఇది మర్చిపోయారా తీగలమ్మా?

(“మర్చిపోలేదు మాస్టారూ! మీరు నిలబడి వాయించగా మేమెవ్వరం చూడలేదు” అని సభలోంచి.)

నిజమే తల్లీ. నిలబడి వాయించాలంటే ఎదురుగా వినేవాళ్లుండాలి. ఒంటరి మనిషిని ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు, నేను కూడా. నా నోటితో మీకెప్పుడూ చెప్పుకోనిదంతా చెక్క మీద పెట్టి నా చేతికే ఇచ్చారు. రేపు పొద్దున్న లేవాలంటే నాకు భయంగా ఉంది. లేని మనుషులు కూడా ఇక్కడే ఉండిపోతారు, నాతో బస్సెక్కరు.

ఈ వెనకవైపు నేను ఉప్పు కాగితం పెట్టను, తాళాల గుత్తి పెట్టను. అది నావల్ల అయ్యే పని కాదు. మీరెవరైనా వచ్చి ఎదురుగా కూర్చుంటే లేచి నిలబడి వాయిస్తాను. వేళ్లు పలకవు, తప్పులొస్తాయి, బావ ఎలాగూ తిడతాడు. ఇప్పుడే మాట ఇవ్వకండి, సభలో ఇచ్చిన మాట చప్పట్లతోనే పోతుంది. ఎవరికి తోస్తే వాళ్లు, ఎప్పుడు తోస్తే అప్పుడు వచ్చి తలుపు కొట్టండి. సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను, బెల్టు పెట్టుకునే ఉంటాను.

ఇన్నాళ్లూ నా చాదస్తాన్ని భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.