గేటు బయట బేగం

ఏదీ, ఆ బిళ్ళ ఇటు చూపించు. కాస్త వెలుతురుకి పట్టరా, నా కళ్ళకి అక్షరాలు ఆనట్లేదు. ఆహా, ఫోటో బాగా వచ్చింది, నువ్వేనా అన్నంత బాగా వచ్చింది. మొత్తానికి గైడువయ్యావన్నమాట! మీ తాత తుఫైల్ మియా ఉండుంటే ఇవాళ తాజ్‌గంజ్ అంతా బర్ఫీ పంచేవాడు. పంచి ఊరుకునేవాడా, అదే బర్ఫీ షాజహాన్ పాదుషా ముంతాజ్ బేగం నోట్లో ఎలా పెట్టేవాడో కూడా చెప్పేవాడు, పక్కనుండి చూసినట్టు. కూర్చో. ఆ మంచం మీద కాదు, నులక తెగింది, కిందికి దిగిపోతావ్. ఇటు రా. ఏంటీ? ఆయన ఎలా చెప్పేవాడో నేను నేర్పాలా? నేను గోరీ మెట్ల దగ్గర చెప్పులు కాసినవాణ్ణిరా అబ్బాయ్, నేనేం నేర్పుతాను! అయితే ఒకటిలే, రోజూ వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది. మెట్లెక్కగానే టోపీ తీసి గుండెల మీద పెట్టుకునేవాడు. గొంతు తగ్గించేవాడు. "అమ్మా, దొరా, నెమ్మదిగా నడవండి. ఇక్కడ రాయికి కూడా దుఃఖం ఉంది. ఒక్క స్త్రీ! ఒక్క ప్రేమ! లోకంలో ఇంకో మొగుడు ఇలా ప్రేమించలేదు!" అనేవాడు. ఆ 'ఒక్క' దగ్గర వేలెత్తేవాడు. దొరసానులు పర్సులోంచి రుమాలు తీసేవాళ్ళు, దొరలు అటూ ఇటూ చూసేవాళ్ళు, పెళ్ళాం తమవంక చూస్తోందేమోనని.

అబద్ధాలా? అబ్బో, అవి లేకపోతే పొద్దు ఎలా గడుస్తుంది! కట్టిన మేస్త్రీల చేతులు నరికించాడు పాదుషా అనేవాడు. నేనొకసారి అడిగాను, "మరి తుఫైల్ భాయ్, మన వీధిలో రాళ్ళలో పూలు చెక్కేవాళ్ళందరూ మా ముత్తాతల నుంచీ ఇదే చేతి పని అంటారే, ఆ ముత్తాతలు కాళ్ళతో చెక్కారా?" అని. "నువ్వు చెప్పులు చూసుకో అల్తాఫ్, చరిత్ర నేను చూసుకుంటా" అన్నాడు. అలా చూసుకున్నాడాయన చరిత్రని. నువ్వు మాత్రం ఆ చేతుల ముక్క చెప్పకు, ఇప్పుడు పిల్లకాయలు ఫోన్‌లో చూసి అక్కడికక్కడే పరువు తీస్తున్నారు.

కానీ నువ్వు గైడువయ్యావు గనక నీకు చెప్పాల్సింది ఆయన సంగతి కాదురా. మీ అమ్మమ్మ సంగతి. షకూరన్ ఆపా, వీధికంతా అక్క. నువ్వెక్కడ చూశావులే. బక్క మనిషి, గొంతు మాత్రం పడమటి గేటు నుంచి తూర్పు గేటుదాకా. మీ ఇల్లు అప్పుడు ఇంత లేదు. ఒక గది, ఒక వరండా, వెనక వంటిల్లు. ఆ వంటిల్లు వాన పడితే కారేది. కారడమంటే అలా ఇలా కాదు, ఆపా గొడుగు పట్టుకుని రొట్టెలు కాల్చేది, నా కళ్ళతో చూశాను. ఒక చెయ్యి గొడుక్కి, ఒక చెయ్యి పెనానికి. మీ తాత సాయంత్రం వచ్చి, పొద్దుటినుంచీ ప్రేమ గురించి మాట్లాడి అలిసిపోయి ఉండేవాడు కదా, ఇంట్లో 'ఊఁ' అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఎప్పుడన్నా మనసు బాగుంటే, "షకూరన్, నువ్వు పోతే నీకూ ఒక తాజ్ కట్టిస్తానే" అనేవాడు. ఆవిడ ఊరుకుంటుందా! "పోయాక పాలరాయి ఎందుకండీ, బతికుండగా వంటింటి మీద నాలుగు రేకులు వేయించండి చాలు" అనేది. ఆయన, "నీకు సౌందర్యం తెలీదే" అనేవాడు. "మీ పాదుషా గుమ్మటం కూడా కట్టిన కొన్నాళ్ళకే కారిందట కదా, కొడుకే తండ్రికి చెప్పుకున్నాడట, పెద్దవాళ్ళవి కారితే చరిత్ర, మావి కారితే ఎగతాళీనా?" అనేది. గోడ ఇవతల మా అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఆఁ, ఏం చెప్తున్నా? ఆరుగురు పిల్లలు ఆవిడకి. ఆరో కాన్పులో చచ్చి బతికింది. మంత్రసాని బతూలన్ బీ బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ, వరండాలో నిలబడి మీ తాతతో, వీధంతా వినేలాగే చెప్పింది: "మియా, ఇంకో కాన్పు వచ్చిందా, ఈ మనిషి దక్కదు. చెవిలో వేసుకోండి." ఆయన వేసుకున్నాడు. చెవిలోనే వేసుకున్నాడు. మర్నాడు పొద్దున అవే చెవులు పెట్టుకుని డ్యూటీకి పోయి, "పద్నాలుగో బిడ్డను కంటూ, బుర్హాన్‌పూర్‌లో, పాదుషా చెయ్యి పట్టుకుని కన్నుమూసింది ఆ మహాతల్లి, ఎంత ప్రేమ!" అని చెప్పాడు. పద్నాలుగు! దండు ఎక్కడికి పోతే అక్కడికి, నిండు కడుపుతో, డేరాల్లో. ఆపా ఆ మాట విన్నప్పుడల్లా, "అది ప్రేమా, పగా?" అనేది. ఆరో పిల్ల తర్వాత ఆవిడ తన మంచం వరండాలోంచి పిల్లలు పడుకునే ఆ ఒక్క గదిలోకి మార్చేసుకుంది. బతకాలని ఉంది మరి, తప్పా? పిల్లల్ని ఎవరు చూస్తారు?

అదిగో అక్కణ్ణుంచి మీ తాతకి పాదుషా బాగా గుర్తొచ్చాడు. ప్రేమ సంగతి కాదు, మిగతా పెళ్ళిళ్ళ సంగతి. రావి చెట్టు కింద టీ కొట్టు దగ్గర, "పాదుషాకే ఒక్కతె సరిపోలేదు, మనమెంత?" అనడం మొదలెట్టాడు. ఫిరోజాబాద్‌లో గాజుల బట్టీవాళ్ళింట ఒక పిల్ల ఉందని ఎవరో చెప్పారు. మెహ్రున్. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. మంచి పిల్ల, దాన్నేమీ అనకూడదు. మాటలు ఇక్కడిదాకా వచ్చాయి గానీ, ఆపాకి చెప్పే ధైర్యం ఏ మగాడికీ లేదు. అందరికంటే తక్కువ మీ తాతకి. చివరికి మా అమ్మ చెప్పింది, కూరగాయలు తరుగుతూ. ఆపా ఏడవలేదు. "అయితే నేనిప్పుడు గేటు లోపల బేగమా, గేటు బయట బేగమా?" అంది.

అర్థం కాలేదా? ఒరేయ్, గైడువి నువ్వు! పడమటి గేటు బయట మసీదు పక్కన ఎర్రరాతి గోరీ లేదూ? ఫతేపురి బేగందని అంటారు. ఆవిడా పాదుషా పెళ్ళామే. ఇంకా ఉన్నారు అటూ ఇటూ. టిక్కెట్టు లేదు, జనం లేరు, మేకలు పడుకుంటాయి. ఎందుకు లోపల లేరంటావ్? ఆపా చెప్పింది, "వీళ్ళు కాన్పుల్లో చావలేదుగా అల్తాఫ్. చచ్చినామెకి పాలరాయి, బతికినవాళ్ళకి మేకలు." నాకు నవ్వొచ్చింది, తర్వాత రాత్రంతా అదే మాట తిరిగింది బుర్రలో.

ఆ ఏడు రజబ్ నెలలో పాదుషా ఉర్సు వచ్చింది, ఆయన పోయిన రోజుల పండగ. నీకు తెలిసిందే కదా, ఆ మూడ్రోజులూ టిక్కెట్టు ఉండదు, కింద అసలు గోరీల గది తెరుస్తారు. ఫిరోజాబాద్ వాళ్ళు పెళ్ళికొడుకుని చూట్టానికి సరిగ్గా అప్పుడే వచ్చారు. పెళ్ళికొడుకునీ చూడొచ్చు, తాజ్‌నీ ఊరికే చూడొచ్చు. తెలివైనవాళ్ళు! పిల్ల, పిల్ల తల్లి, ఒక మేనమామ, ఇద్దరు ముసలమ్మలు. మీ తాత గెడ్డానికి రంగేసుకుని, అత్తరు ఎంత పూసుకున్నాడంటే చెప్పుల దగ్గర కూడా వాసన తేలిపోయింది. పక్కన డోలు, సన్నాయి, గోరీ మీద కప్పే చాదర్ తలల మీద సాగుతూనే ఉంది, దాని కొస ఇంకా గేటు బయటే ఉంది, ఆ తోపులాటలో వాళ్ళని కింది గదిలోకి దించాడు. నేనూ దిగాను. ఎందుకంటావేంటి, చూడాలిగా! చెప్పులు దేవుడే చూసుకుంటాడనుకున్నా. కింద గాలి ఆడదు, గులాబీల వాసన, చెమట వాసన. అక్కడ నిలబడి చెప్పాడురా మీ తాత! దొరలకి కూడా అలా చెప్పలేదు. "ఒక్క స్త్రీ! ఒక్క ప్రేమ!" వేలు లేచింది. కళ్ళలో నీళ్ళు. పిల్ల తల్లి ముక్కు చీదింది. మేనమామ నా చెవిలో, "ఇంత మెత్తని మనసు ఈ రోజుల్లో ఎక్కడుంది మియా!" అన్నాడు. పెళ్ళి అయిపోయినట్టే అనుకున్నా.

బయటికి వస్తుంటే జనం తోసుకుంటూ పడమటి గేటు దాటించేశారు వాళ్ళని. ఎండ మండిపోతోంది. నీడ ఎక్కడుంది? ఆ ఎర్ర గోరీ దగ్గర. అక్కడెవరున్నారు? మీ అమ్మమ్మ! పాత ఆకుపచ్చ దుపట్టా కుట్టి చాదర్ చేసి, ఆ గోరీ మీద కప్పి, పళ్ళెంలో బతాసాలు పెట్టుకుని కూర్చుంది. మేకల్ని అదిలించి మరీ. వీళ్ళెవరో ఆవిడకి తెలీదు, ఒట్టు. వీళ్ళకి ఆవిడెవరో తెలీదు. మీ తాత ఇంకా వెనకాల జనంలో ఇరుక్కున్నాడు. ఆ పిల్ల బతాసా తీసుకుని, "ఇది ఎవరి గోరీ ఆపా?" అంది.

"పాదుషా పెళ్ళాందమ్మా."

"పెళ్ళామా? మరి లోపల..."

"లోపలామె కూడా పెళ్ళామే. ఇంకా ఉన్నారు."

"అదేంటీ, ఒక్క స్త్రీ, ఒక్క ప్రేమ అని చెప్పారే ఇప్పుడే, ఏడ్చారు కూడా!"

"ప్రేమ ఒక్కటేనమ్మా. పెళ్ళాలే నలుగురైదుగురు" అంది ఆపా, చాలా మామూలుగా, బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పినట్టు. "ఆమెని కాన్పులతో చంపుకుని ఏడ్చాడు. ఈమె సంగతి ఎవరూ ఏమీ చెప్పరు. ఏడాదికి ఒక్కరోజన్నా ఎవరైనా పలకరించాలి కదా అని వచ్చా."

అప్పుడొచ్చాడు మీ తాత, టోపీ సర్దుకుంటూ. ఆపాని చూశాడు. ఆపా ఆయన్ని చూసింది, ఆ గెడ్డం రంగు చూసింది, ఆ అత్తరు పీల్చింది, ఆ పిల్ల వంక చూసింది. అంతే, అంతా అర్థమైపోయింది. పళ్ళెం ఆయన ముందుకి జరిపి, "తీసుకోండి, నోరు తీపి చేసుకోండి" అంది. ఆ పిల్లకీ అర్థమైంది. బుర్ర ఉన్న పిల్ల. మొహం మీదే అడిగింది మీ తాతని, "మియా, నన్నెక్కడ పెడదామనుకున్నారు? లోపలా, బయటా?" అని. ముప్ఫై దేశాలవాళ్ళకి జవాబులు చెప్పిన నోరు! "అది... చరిత్ర ప్రకారం..." అన్నాడు. మేనమామ దగ్గాడు. సాయంత్రం బస్సుకి ఫిరోజాబాద్ వెళ్ళిపోయారు. బతాసాలు మాత్రం మూటకట్టుకుపోయారు ముసలమ్మలు.

వీధంతా పండగ చేసుకుంది. ఆపా గెలిచింది! మా అమ్మయితే సేమ్యా వండింది. మీ తాత నాలుగు రోజులు మొహం చాటేశాడు. అయిదో రోజు మేస్త్రీని పట్టుకొచ్చి వంటింటి మీద రేకులు వేయించాడు. నిజంరా! దగ్గరుండి, మేకులు అందిస్తూ. ఆపా వాకిట్లో నిలబడి, "చూడండమ్మా, నా తాజ్ కట్టిస్తున్నారు" అని నవ్వింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. గెడ్డం రంగు వెలిసిపోయింది, ఆయన కూడా మనిషిలా కనిపించాడు. సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని టీ తాగేవాళ్ళు. మంచం పిల్లల గదిలోంచి మళ్ళీ ఇవతలికి వచ్చింది. ఏం చేస్తుంది మరి? గెలుచుకున్న మొగుణ్ణి మళ్ళీ వరండాలో ఒంటరిగా పడుకోబెడుతుందా? మంత్రసాని మాట ఆవిడకి గుర్తులేదనుకున్నావా? ఉంది. ఆయనకీ ఉంది. ఎవరూ పైకి తీయలేదు. రేకుల కింద కూర్చుని టీ తాగేటప్పుడు ఎవరు తీస్తారు అలాంటి మాట!

ఊఁ. ఏడాది తిరిగేసరికి ఏడో కాన్పు. తెల్లారి నొప్పులొచ్చాయి, మధ్యాహ్నానికి ఆపా పోయింది. ఆ పుట్టిన పిల్లే మీ అమ్మ. మీ అమ్మ నాతో ఎప్పుడూ ఆవిడ గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. బతూలన్ బీ ఈసారి వీధి వినేలా ఏమీ అనలేదు. మీ తాత ముందు నుంచి తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఏడ్చాడా అంటావా? భలేవాడివే! నలభయ్యో రోజు ఫాతిహా అవగానే డ్యూటీకి వచ్చాడు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. పద్నాలుగో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నిజంగానే ఏడ్చేశాడు. దొరసాని ఒకామె ఆయన భుజం పట్టుకుని తనూ ఏడ్చింది. అప్పట్నుంచీ ఆగ్రా మొత్తంలో తుఫైల్ మియాని మించిన గైడు లేడన్నారు. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ఆయన్నే పిలిపించుకునేవాళ్ళు. నిజమైన కన్నీళ్ళురా, నేను మెట్ల దగ్గర్నుంచి చూసేవాణ్ణి, దొంగ ఏడుపు కాదు. పరాయివాడి పెళ్ళాం గోరీ దగ్గర పాతికేళ్ళపైన అలా రోజూ ఏడ్చాడు, సెలవు కూడా పెట్టకుండా. కోపమొస్తోందా? నాకూ వచ్చేది. ఒకసారి పట్టలేక అడిగేశాను, "తుఫైల్ భాయ్, ఆపా దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళావా?" అని. "తీరికెక్కడిది అల్తాఫ్, శుక్రవారం తాజ్ మూసేరోజు ఒక్కటే దొరుకుతుంది, ఆరోజు ఒళ్ళు నొప్పులు" అన్నాడు. పాపం, ఒళ్ళు నొప్పులు ఉండేవిలే, నిజమే.

ఎక్కడుందా? ఆవిడదా? కబరస్తాన్‌లోనేరా, ఇంకెక్కడ. ఎటువైపంటే... మట్టి గోరీ కదా. వానలకి అణిగిపోతుంది. రాయి పెట్టలేదు ఎవరూ. తర్వాత వచ్చినవాళ్ళని అక్కడే, ఆ మీదే... నేను మొదట్లో వెళ్ళేవాణ్ణి, వేపచెట్టుకి ఇవతల అని గుర్తు పెట్టుకున్నా. ఆ చెట్టూ కొట్టేశారు. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళి నిలబెట్టినా, ఇదీ అని వేలు పెట్టి చూపించలేను నాయనా.

రేపు మొదటి డ్యూటీ కదా. బూట్లు అలా దుమ్ము కొట్టుకుని ఉన్నాయేంటి, తుడుచుకోవా?