మా అత్తగారి చెవుల్లో దూది

ఆగాగు, ఆ తాడు లాగకు. ఏంటీ? గట్టిగా చెప్పవే తల్లీ, నీ పెదాలు కదలడం కనపడుతోంది గానీ మాట నా దాకా రావట్లేదు. కరెంటు పోయిందా? అది తెలుసులే, ఫ్యాను ఆగిపోయిందిగా. వానా? ఆ, తుంపర పడుతోంది, చూస్తూనే ఉన్నా. అందుకని పెట్రోల్ కంప్రెసర్‌ని షెడ్డులోకి లాక్కొచ్చి షట్టర్ దించేస్తావా? చేతులు దులుపుకుని ముందిలా వచ్చి కూర్చో. ఆ గేట్లకి రంగు ఒక పూట ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు. మా అత్తగారే గనక ఇప్పుడు ఆ గుమ్మంలో ఉండుంటే నీ చెవి మెలిపెట్టేసేది. నువ్వు ఆవిడ ఫోటో మాత్రమే చూశావు. ఆ ఫోటోలో ఏముందిలే, జుట్టు చెవుల మీదికి దువ్వుకుని కూర్చుంది, అసలు సంగతే కనపడదు.

అసలు సంగతంటే దూది. ఆవిడ రెండు చెవుల్లోనూ ఎప్పుడూ దూది ఉండేది. ఈ కొట్టు ఆవిడే పెట్టింది. కుర్చీలకీ, గేట్లకీ, కిటికీ ఊచలకీ గాలితో రంగు కొట్టేవాళ్ళు. అప్పటి మెషిన్ ఇంత బుజ్జిది కాదమ్మా, దూడంత ఉండేది. స్టార్ట్ చేస్తే గోడ మీద గడియారం వణికేది. పొద్దున్నే ఆవిడ దాన్ని వాకిట్లోకి, ఆకాశం కనపడేచోటికి లాగి, నేల చదునుగా ఉందో లేదో కాలితో తడిమి, చక్రాల కింద రెండేసి చెక్కముక్కలు తోసేది. తర్వాత ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసేది. పెట్రోల్ పోసేది కూడా అప్పుడే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం పెట్రోల్ అయిపోతే, ఎంత తొందర పని ఉన్నా సరే, దాని ఒళ్ళు చల్లారేదాకా స్టూలు వేసుకుని కూర్చునేది. ఎవరైనా నసిగితే, నాకు వినపడదన్నట్టు చెవి చూపించి ఆకాశంలోకి చూసేది. ట్యాంకులోకి గాలి కాస్త ఎక్కాక ఆ సేఫ్టీ వాల్వ్ రింగు పట్టుకుని ఒక్క లాగు లాగేదీ, 'ఫుస్స్' మని తుమ్మేది మెషిన్. ఆ తుమ్ము వినపడితే వీధిలో వాళ్ళు పొయ్యి మీద పాలు దించుకునేవాళ్ళు. అది తుమ్మకపోతే ఆ రోజు పని లేదన్నమాట. తుమ్మని మెషిన్ ఎప్పుడో ఒకప్పుడు పేలుతుందని ఆవిడ భయం.

సాయంత్రం ట్యాంకు అడుగున కుళాయి తిప్పి నీళ్ళు వదలాలి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. అది నీకు తెలుసు, తెలిసీ బద్ధకిస్తావనుకో. పక్క కొట్టు వెల్డింగాయన ఒకడుండేవాడు, ఎన్నిసార్లు చెప్పినా నోట్లో సిగరెట్టుతో మన పెట్రోల్ డబ్బా పక్కనే నిలబడి కబుర్లాడేవాడు. ఒకరోజు తెల్ల ప్యాంటు వేసుకొచ్చాడు, ఎక్కడికో పెళ్ళికట. మా అత్తగారు ఆయన్ని చూడనట్టే వంగి, తాపీగా ఆ కుళాయి తిప్పింది. ఎర్రటి తుప్పు నీళ్ళు మోకాళ్ళదాకా చిమ్మాయి! ఆయన గంతులేస్తూ నానా తిట్లూ తిట్టాడు. ఈవిడ చెవి చూపించింది, పాపం వినపడలేదంతే. ఆ తర్వాత ఆయన మా వాకిలి దాటి సిగరెట్టు తీసుకురాలేదు.

ఆ, అదే చెప్తున్నా. ఆవిడకి చెముడని ఊరంతా నమ్మింది. అన్నేళ్ళు ఆ చప్పుడు పక్కన నిలబడితే చెవులేం మిగుల్తాయి అనుకునేవాళ్ళు. మరి చెవిటావిడకి దూదెందుకని నాకు అనుమానమే రాలేదు చూడు. కొత్త కోడలికి వెయ్యి అనుమానాలు వస్తాయి గానీ ఇలాంటివి రావు. మెకానిక్ వచ్చి ఆవిడ ముందే తన మనిషితో, "పాత వాషరే తిప్పి బిగించెయ్, ముసల్దానికేం తెలుస్తుంది" అనేవాడు. ఈవిడ ఏమీ ఎరగనట్టు వచ్చి ఆ వాషరే విప్పించి, వాడి చేతిలో పెట్టేది. వాడు దడుచుకుని, ఆవిడకి వేళ్ళల్లో కళ్ళున్నాయని ప్రచారం చేశాడు.

ఇంక మీ తాత సంగతి చెప్తే నవ్వుతావు. కొత్తగా పెళ్ళయింది, ఇల్లేమో రెండు గదులు. ఈయన వాళ్ళమ్మ పక్కనే కూర్చుని, ఆవిడ ఫిల్టర్ దులుపుతుంటే, నాతో సరసాలు! నేను కళ్ళతో వద్దంటే, "అమ్మకి వినపడదులేవే" అనేవాడు. కళ్ళు కలువలట, నడుము... సరే, నువ్వు చిన్నపిల్లవి. ఒకసారైతే అన్నం తింటూ, వాళ్ళమ్మ వడ్డిస్తుండగా, ఎదురుగా, "నీ కోసం ప్రాణమైనా ఇచ్చేస్తా" అన్నాడు. ఆవిడ ఇంకో గరిటెడు అన్నం వేసింది. నేనూ తక్కువ తినలేదులే. ఆవిడ పక్కన కూర్చుని గోడతో చెప్పుకున్నట్టు అన్నీ చెప్పుకునేదాన్ని. అమ్మ మీద బెంగ పెట్టుకున్నాననీ, ఆ రంగు గన్ను ఒక్కసారి పట్టుకోవాలనుందనీ, అడగాలంటే భయమనీ. చెవిటి మనిషిలో ఉన్న సుఖం అదే.

ఆ రోజు ఇలాగే వాన. ఆసుపత్రి వాళ్ళ మంచాలు, తెల్లారేసరికి ఇచ్చెయ్యాలి. తడిస్తే రంగు బొబ్బలెక్కుతుంది. మా అత్తగారు వాన తగ్గేదాకా ముట్టుకోవద్దని చేత్తో సైగ చేసి, మీ తాతకి మెషిన్ చూపించి, వాకిలి చూపించి, ఉన్న పెట్రోల్ చాలదని నన్ను తోడు తీసుకుని వీధి చివరికి బయల్దేరింది. ఒకే గొడుగు. తిరిగొచ్చేటప్పుడు నేను నా ధోరణిలో, "అత్తయ్యా, మీ అబ్బాయి రాత్రి నాకు పాట పాడాడు తెలుసా, గొంతు మాత్రం బాగాలేదు" అంటున్నా. ఆవిడ నడిరోడ్డు మీద ఠక్కున ఆగింది. తల ఒక పక్కకి వంచింది. నాకు వాన చప్పుడు తప్ప ఏమీ తెలియట్లేదు. ఆవిడంటుందీ, "మెషిన్ లోపలుంది."

నేనేదో అనబోయా. గొడుగు నా చేతికొదిలేసి పరిగెత్తింది! చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పెట్రోల్ డబ్బా రోడ్డు పక్క పెట్టేసి, ఆ వయసులో ఆ పరుగు. దగ్గరికొచ్చాక గానీ నాకు తెలియలేదు, మెషిన్ చప్పుడు బిందెలో నోరు పెట్టి అరిచినట్టు వస్తోంది. షట్టర్ దించేసుంది. వాన జల్లు కొడుతోందని మీ తాత దాన్ని లోపలికి లాగి, షట్టర్ వేసుకుని మొదలెట్టాడన్నమాట. ఆ పొగలో విషం ఉంటుందే అమ్మా. కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు. తలనొప్పి అనుకుంటాం, నిద్రొస్తోంది అనుకుంటాం, అంతే.

ఇద్దరం కలిసి షట్టర్ ఎత్తాం. మీ తాత గోడకి జారగిలబడి, గన్ను ఒళ్ళో పెట్టుకుని, మొహం ఎర్రగా, పిచ్చి నవ్వు నవ్వుతున్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి కొడుకు చొక్కా కాలరు పట్టుకుని వాన్లోకి ఈడ్చుకొచ్చింది. మెషిన్ ఆపడం ఆ తర్వాతే. తర్వాత డాక్టరొచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు. నేను ఆ మాట విని అక్కడే కూలబడి ఏడ్చా.

డాక్టరు రాకముందే మీ తాత వాన్లో వెల్లకిలా పడుకుని కళ్ళు తెరిచాడు. వాళ్ళమ్మ ఆయన మీదికి వంగి ఏమందనుకున్నావ్? "ఏరా, మొన్న అన్నం దగ్గర దీని కోసం ప్రాణమిస్తానన్నావు. తీరా చూస్తే మంచాల కోసం ఇచ్చేస్తున్నావేంట్రా?"

నవ్వకు! నాకప్పుడు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మొగుడు బతికాడన్న సంతోషం ఒక పక్క, ఆ కలువలూ, నడుమూ, రాత్రి పాటా అన్నీ ఆవిడ విన్నదన్న సిగ్గు ఇంకో పక్క. మీ తాతకి మాత్రం ఆ మత్తులో అదంతా కలలో విన్నట్టుందట. మర్నాటికి మా అత్తగారు మళ్ళీ చెవిటిదైపోయింది. నేను ఒంటరిగా దొరికినప్పుడు నిలదీశా, "అత్తయ్యా, ఇదేం పని?" అని. "దూది పెట్టుకున్నా కాబట్టే చెవులు మిగిలాయే, పిచ్చిదానా. వినపడుతుందంటే అందరూ పనులు చెప్తారు. వినపడదంటే నిజాలు చెప్తారు" అంది. అని, ఆ గన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. "అడగడానికి భయమన్నావుగా, పట్టుకో. మనిషి వైపు తిప్పకు. పైపు విప్పేముందు గాలి వదిలెయ్యి. ఇదిగో నీ దూది." అప్పుడు ఆవిడని కావలించుకుని ఏడ్చాను. మా అమ్మ మీద బెంగ ఆ రోజుతో పోయింది, నిజం.

మీ తాత దూది పెట్టుకోమంటే, మగాడికి దూదేంటని నవ్వేవాడు. చివరి పదేళ్ళూ మనం అరిచి చచ్చాం కదా ఆయనతో. మా అత్తగారు మాత్రం పోయే రోజు కూడా, వాకిట్లో నేను మెషిన్ ఆపగానే మంచం మీంచి, "కుళాయి తిప్పలేదు" అంది. అదే ఆఖరి మాట. నేను వెళ్ళి తిప్పొచ్చేసరికి లేదు.

...

సరే, లే. తుంపర తగ్గింది, దాన్ని బయటికి లాగు. చక్రాల కింద చెక్కలు పెట్టు. అవునూ, నిన్న ఇక్కడే కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడావే, "మా నానమ్మకి వినపడదులే, చెప్పు" అని. ఆ టైర్ల కొట్టు అబ్బాయి, నీ కోసం ప్రాణమిస్తానన్నాడు కదూ. వాన వస్తే వాడు మెషిన్ ఎక్కడ పెడతాడో ముందు అది కనుక్కో. ఏంటా చూపు? ఆయిల్ చూశావా?