జీపు తలుపుకి కట్టిన నిమ్మకాయ

మాలకొండయ్య అని ఒకడు. వాడికొక పాత జీపు, సంతకి జనాన్ని తోలేవాడు. ఆ జీపులో పెంచలమ్మ అని ఒక పిల్ల టమాటా గంపేసుకుని ఎక్కేది. వీడికి ఆ పిల్లంటే ప్రాణం. నోరు తెరిచి చెప్పలేడు, గంపకి మాత్రం చార్జీ అడిగేవాడు కాదంట. అదీ వీడి ప్రేమ. సరే, ఎట్నో పెద్దోళ్లు మాట్లాడి, పిల్లని చూసుకోను గురువారం రమ్మన్నారు. పిల్ల నాయన చెంగయ్య బో పట్టింపుల మనిషి. రాహుకాలం రాకముందే మీ పెద్దోళ్లు నా గడప తొక్కాల, లేదంటే సాయంత్రం ఇంకో సంబంధమోళ్లు వస్తుండారు, వాళ్లకే ఖాయం చేసేస్తా అన్నాడంట. ఆ మాటతో మాలకొండయ్యకి అన్నం దిగలా. వాడికి తల్లీతండ్రీ లేరు, ఉండే పెద్దదిక్కల్లా మేనత్త చెంచమ్మ.

ఏమైందంటే, ఆ పొద్దు జీపు కడిగి పసుపూ కుంకం పెట్టినాక, దిష్టి తగలకుండా చెంచమ్మ ఒక నిమ్మకాయ తెచ్చి తలుపుకి కట్టింది. యాడ కట్టింది? సరిగ్గా గొళ్లెం పడే కాడ. ఇంక తలుపు పడుద్దా? ఊరు దాటకముందే తెరుచుకుంది, అత్త సగం లోపల, సగం బయట అనుకో. అపశకునం, ఎనక్కి తిప్పరా అన్నదంట. ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరారు. మళ్లీ తెరుచుకుంది. మళ్లీ ఎనక్కి, మళ్లీ కాళ్లు కడగడం, మళ్లీ మంచినీళ్లు. దిష్టి గట్టిగా ఉండాదిరా అబ్బయా అని ఆమె దాని పక్కనే ఇంకో నిమ్మకాయ కట్టింది. దోవలో మెకానిక్కు మస్తానుకి చూపిస్తే, సుత్తితో కొట్టాడు, నూనేశాడు, అంతా చేశాడుగానీ ఆ కాయల జోలికి పోలా. ఏం, వాడికి కనపళ్లేదా? కనపడింది. ఒకరింటి దిష్టికాయని ఇంకొకరు ముట్టుకుంటారా, మీరు ముట్టుకుంటారా, చెప్పండి. ముట్టుకుంటే ఆ దిష్టి మనకి అంటుకోదూ. మాలకొండయ్య తీద్దామని చెయ్యి పెడితే, పనయిందాకా తీయకూడదని అత్త ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. ఇంక చేసేదేముంది, కొత్త కండువాతో తలుపుని సీటు కమ్మీకేసి ముడి మీద ముడేసి కట్టి, జీపు లగెత్తించాడు.

పోయేసరికి చెంగయ్య గడియారం చూసుకుంటా వాకిట్లో నిలబడుండాడు. రాహుకాలం వచ్చేస్తుండాది, ముడి రావడంలా. అటుపక్క దిగుదామంటే స్టీరింగు అడ్డం, చెంచమ్మేమో బాగా తిన్న మనిషి. మాలకొండయ్య ముడిని పళ్లతో కొరుకుతా ఏడుస్తుండాడంట, ఉత్తుత్తికి కాదు, నిజంగానే. అప్పుడు పెంచలమ్మ, చూపులకి ముస్తాబై లోపల కూర్చోవాల్సిన పిల్ల, చాకు పట్టుకుని బయటికొచ్చింది. కండువా పరక్కున కోసింది, నిమ్మకాయలు రెండూ పీకి అవతల పారేసింది, అత్తని చెయ్యిపట్టి దించి తలుపేసింది. టక్కున పడింది.

పరాయోళ్ల దిష్టికాయ ముట్టుకుంటివేందే అని చెంగయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చెంచమ్మ నిదానంగా చీర సర్దుకుని, ఇంకేముందన్నా, మా ఇంటి దిష్టి మీ పిల్లకి అంటుకుంది, ఇప్పుడు ఇంకొకరింటికి పంపిస్తే వాళ్లకి చుట్టుకోదూ, ఆ పాపం నీకెందుకు, మా దిష్టి మా ఇంటికే పంపించెయ్యి, పిల్లతో సహా అన్నదంట. చెంగయ్య అటు ఆలోచించాడు, ఇటు ఆలోచించాడు, ఎట్ట చూసినా ఆమె చెప్పిందే సబబుగా ఉండాది. అప్పటికప్పుడు తాంబూలాలిచ్చుకున్నారు. రాహుకాలం మాటే ఎవురికీ గుర్తు రాలా.

ఆ పిల్ల తెలిసే ముట్టుకుందా, తెలియకనా అని నన్నడగబాకండి. కాయలు పీకేటప్పుడు మాత్రం పెంచలమ్మా చెంచమ్మా ఒకరి మొకం ఒకరు చూసుకుని నవ్వుకున్నారంట. మాలకొండయ్యకి ఇదేం తెలియదు. దిష్టి తగలబట్టే పెళ్లయిందని ఇప్పటికీ జీపెక్కినోళ్లందరికీ చెప్తుంటాడు, పక్కన కూర్చుని పెంచలమ్మ అవునవును అంటుంటది.