జనాభా లెక్కల్లో జూబల్

కెంటకీ కొండల్లో ఒక ఇంటి వసారా. తొంభై ఏళ్ల ఆర్ఫా బీన్స్ కాయలకి ఈనెలు తీస్తోంది. మనవరాలు వెర్లీన్ ఒళ్లో కాగితాల కట్ట.

"అక్కడ కాదే వెర్లీన్, ఇలా దగ్గరికి రా, నా మోకాలికి ఆనుకుని కూర్చో. గట్టిగా చెప్పే సంగతి కాదిది."

"మీ జూబల్ తాతని ఎక్కడ పూడ్చారో చెప్పు చాలు అమ్మమ్మా. రేపే సమాధులకి పూలు పెట్టే ఆదివారం. పేరు చెక్కించిన రాయి ట్రక్కులో ఉంది."

"రాయి కూడానా! వద్దన్నానుగా."

"వద్దన్నావు. ఎందుకో చెప్పావా?"

"...మొక్కజొన్న చేను చివర. వాగు పక్కన."

"చేలోనా? అందరూ చర్చి వెనకుంటే ఆయన్నొక్కణ్ణీ చేలోనా?"

"పట్టలేదమ్మా."

"చోటు లేకా?"

"గొయ్యి చాలక."

"అంత భారీ మనిషా!"

"అబ్బో, లోయంతా ఒక్కడే దున్నేవాడు. నోరెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. కోపమొస్తే మాత్రం కాలితోనే."

"అచ్చం మా అన్నయ్యే! మొహం ఎలా ఉండేది?"

"పొడుగు. చెవులూ పొడుగే."

"అన్నయ్యే, అన్నయ్యే!"

"నవ్వించకే, పొట్ట నొప్పి... జూబల్ మా తాత కాదే. మా ఇంటి కంచరగాడిద."

"ఏమన్నావు?"

"విన్నావుగా."

"ఇదిగో, పద్దెనిమిది వందల డెబ్భై జనాభా లెక్కలు! ఇంటి యజమాని జూబల్ స్కీన్స్, వ్యవసాయం, చదవడం రాదు, రాయడం రాదు!"

"ఏం, దానికి చదువొచ్చా?"

"అమ్మమ్మా!"

"మా తాత ఈనస్ అంతర్యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. మగదిక్కు లేని ఇళ్లు చూసి భూముల కంపెనీ వాళ్లు నేల లాక్కుంటున్నారు. అంతలో లెక్కలవాడొచ్చి, ఈ ఇంటి బరువు మోసేదెవరమ్మా అన్నాడు. మా అమ్మమ్మ టామ్సిన్ అబద్ధమాడే మనిషి కాదు. జూబల్ అంది. ఎక్కడంటే, కొండమీద దున్నుతున్నాడంది. వయసెంతంటే, పళ్లు చూసి చెప్పాలంది. వాడు కొండెక్కడానికి బద్ధకించి ముప్ఫై అని రాసుకుపోయాడు."

"కంచరగాడిదకి పిల్లలే పుట్టరు కదా! నన్ను పుస్తకంలో జూబల్ సంతానం అని అచ్చేస్తున్నారు!"

"కొట్టేసి ఈనస్ పేరు రాయించు."

"కుదరదు. ఆ ఏడాది లెక్కల్లో యజమాని ఎవరో వాళ్ల సంతానానికే ఈ జిల్లా తొలి కుటుంబాల పుస్తకంలో చోటు. పదేళ్లు కోర్టు రికార్డుల గదుల్లో దుమ్ము తిన్నాను, మనమూ ఇక్కడివాళ్లమే అనిపించుకునే ఆ ఒక్క పేజీ కోసం. సోమవారం అచ్చుకి పోతుంది. నేనే వెళ్లి తీసేయమంటాను."

"ఆగాగు. నోరు విప్పకు."

"అబద్ధం అచ్చేయించుకోనా?"

"అది కాదే. లోయ మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క గాడిదే. మగాళ్లు తిరిగిరాని ఇళ్లు పదకొండు. ఇల్లిల్లూ దాన్ని దున్నుకోడానికి తోలుకెళ్లేది. మనింట్లో జూబల్. వాగు కిందివాళ్లు అమోస్ అని పిలిచేవాళ్లు, మిల్లు పక్కవాళ్లు సైలస్ అని. లెక్కలవాడు ఆ ఇళ్లకీ వెళ్లాడు మరి."

"అమోస్... అమోస్ హ్యాగర్‌మనా? పుస్తకం మొదటి పేజీలో ఆయన బొమ్మే!"

"బొమ్మ కూడా దొరికిందా వాళ్లకి?"

"దొరక్కపోతే గీయించారు. పెద్ద గడ్డంతో."

"ఉండనీ పాపం, పదకొండు ఇళ్ల పిల్లల్ని సాకాడు. ఒక్క పేజీ తీశావంటే అట్టలు తప్ప మిగలవు."

"మరి నా పేజీ?"

"నీ పేజీ నీదే. ఇది మాత్రం మర్చిపోకు, నేను పోయాక నీ మనవలకి నువ్వే చెప్పాలి... ఈ జిల్లాలో ఎవరితోనూ పోట్లాడొద్దని, అందరిదీ ఒకటే వంశమని."