ఎరుపు ఆరాలి

ఒరేయ్ తమ్ముడూ, అలా గోడకేసి తిరిగి పడుకుంటే కాలు అతుక్కుంటుందా? ఇటు తిరగరా. పెద్దవాణ్ణి, మంచం పక్కన నిలబడి బతిమాలుతున్నా. నా జన్మలో ఎవరినైనా బతిమాలానా?

మాట్లాడవు. సరే. ఏళ్ల తరబడి ఒకే బాన దగ్గర బట్టలకు రంగులు వేశాం, ఒక్క మాట లేకుండా. కొనేవాడి ముందు నా ఎరుపుని ఇటుకపొడి అన్నావు. నలుగురిలో నిన్ను కడిగేశాను. నేనూ మర్చిపోలేదు, నువ్వూ మర్చిపోలేదు. పని ఆగిందా? గుడ్డని కర్రమీద ఎత్తి నా వైపు చూసేవాడివి. రంగు పట్టిందనిపిస్తే తల ఊపేవాణ్ణి. దించేవాడివి. అంతేగా మన మాటలు!

అదేరా ఇప్పుడు కొంప ముంచింది.

పొద్దున డాక్టరమ్మ ఏం చేసింది? మరిగే బాన ఒలికి కాలిన నీ కాలికి తొడ కండ తెచ్చి అతికించారు కదా, దానిమీద పూసిన మందురంగుకి నీలం దీపం పట్టింది. కెమెరా తెరమీద కండంతా భగ్గుమంది. అబ్బ, ఏం ఎరుపు! నిన్న తెరమీద వెలవెలబోయి ఉంది, ఇవాళ నిండుగా ఉంది. "మళ్లీ తెరిచి రక్తనాళం సరిచేయాలి" అందామె. నువ్వు ఆమెని చూడలేదు. నన్ను చూశావు.

రంగు పట్టిందని నేను తల ఊపాను.

ఎరుపు కదరా! ఎరుపంటే నెత్తురు కదా! రంగుల్లో చేతులు నానబెట్టి ముసలివాణ్ణయ్యాను, నాకు ఇంకొకరు చెప్పాలా? నువ్వేమో "కోయొద్దు" అని గోడవైపు తిరిగావు. ఆమె ఇంకా ఏదో చెప్పబోతే, "రంగు సంగతి నాకు చెప్పకమ్మా" అన్నాను. ఛీ, ఈ నోరు పడిపోను!

వరండాలోకి పిలిచి చెప్పింది. ఆ రంగులో ప్లాటినం లాంటి లోహమేదో ఉందట. దీపం తగిలితే ఎర్రగా వెలుగుతుందట. నెత్తురు మోసుకొచ్చే ప్రాణవాయువు అందితే ఆ వెలుగు ఆరిపోతుందట. వింటున్నావా? నెత్తురు పారే చోట ఆరిపోతుంది. పారని చోట మండుతుంది.

నమ్మానా? నేనా? "నా వేలికి పూయి చూద్దాం" అన్నాను. పూసింది, గాలి తగలకుండా పైన పలచటి పొర అంటించింది, నీలం దీపం పట్టింది. మసగ్గా ఉంది. వేలి మొదట్లో దారం బిగించింది. చూస్తుండగానే ఎర్రగా రాజుకుంది, నీ కాలి మీద చూసిన ఎరుపే! దారం విప్పితే ఆరింది.

ఇంకా ఆలస్యం చేస్తే కండ కుళ్లుతుందట, ఆ తర్వాత కాలే తీసేయాలట. నీ నోటి మాట లేనిదే కత్తి పట్టుకోనంటోంది. నా వేలిముద్ర పనికిరాదట. ఎలా పనికొస్తుంది, కాలు నీది కదా.

ఒంటికాలి మీద బాన దగ్గర ఎలా నిలబడతావురా? నన్ను కొట్టడానికైనా లేవాలా వద్దా?

ఇదిగో, గోడవైపుకే వచ్చాను. మంచం సందులో ఇరుక్కున్నాను, మోకాళ్లు పట్టేశాయి. కళ్లు తెరువు. తల అడ్డంగా తిప్పుతున్నా, చూడు. రంగు పట్టలేదు. నాకు తెలియలేదురా.

ఇంకేం కావాలి నీకు? నలుగురిలో చెప్పమంటావా? అమ్మా, అయ్యా, వార్డంతా వినండి! ఈ ముసలాడికి రంగు తెలియలేదు!

అదిగో, చెప్పుల చప్పుడు. ఆమే వస్తోంది. నాతో మాట్లాడొద్దులే. చచ్చేదాకా మాట్లాడకు. ఆమెతో ఒక్క మాట అనరా.