ఆనపకాయలో అల్లం

ఏటే రేఖమ్మా, ఆ ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి ఏటి సూస్తన్నావ్? చీనావోల్ల వంటా? కాయ సలవ, అల్లం దాని సలవ ఇరిసేస్తాదని సెప్తందా ఆ ఫోన్లో పిల్ల? ఓలమ్మ, అది ఈ వంటింటికి పాత సంగతే తల్లీ. మా వదిన కూర్మమ్మ ఇలాగే కోసీది ఆనపకాయ, అగ్గిపుల్లల్లాగ సన్నంగా. నువ్వు కోసుకో, నానిలా పీట మీద కూకుంటాను. మీ మామ్మ నీలేణి దగ్గర ఎంతసేపని కూకుంటాను? పేట ఆసుపత్రి నుంచొచ్చిన కాడినుంచి మీ మామ్మ గోడవేపు తిరిగే పడుకున్నాది. జావ పెడితే మూతి ముడిసేస్తంది. జొరం తగ్గింది, ఇంక తింతేనే మనిషి లెగుస్తాదన్నాడు డాక్టరు బాబు. తినకపోతే మరేటి సేస్తాం? నీకాడ దాపరికమేటి, నాకు బయంగానే ఉన్నాది.

ఆఁ, వదిన సంగతి కదా. ఆవిడ పుట్టింది రంగంలో. రంగమంతే రంగూను, బర్మా దేశం. అప్పుడు మనోల్లు కూలికని ఓడెక్కి అక్కడికే ఎల్లీవోరు. ఆల్ల పక్కింట్లో ఓ చీనా ముసలమ్మ, ఎండిన ఏర్లూ బెరడులూ అమ్ముకునీదట. వదిన ఆవిడ పొయ్యి దగ్గరే పెరిగింది. ఏ ఒంటికి ఏ కూర, ఏ కూరకి ఏది ఇరుగుడు, అన్నీ ఆ ముసలమ్మ నేర్పినవే. తరవాత అక్కడ గొడవలై పొమ్మంతే కట్టుబట్టల్తో ఒచ్చేసేరు. తెచ్చుకున్నది ఓ ఇనప మూకుడు. మా అన్నకిచ్చి పెల్లి సేసేరు. మా అమ్మకి ఆవిడంతే లోపల బెదురే. "రంగం కోడలు, ఏటి తిని పెరిగిందో" అనీది.

మీ మావ, అదే నా కొడుకు, పుట్టినప్పటి మాట. మామ్మకి కన్నతల్లి లేదు, అంచేత పురుడు ఇక్కడే పోసేం. మా అమ్మ పత్తెం అంతే పత్తెమే, పాత బియ్యం అన్నం, ఎల్లుల్లి కారం. మామ్మకి ముద్ద దిగలేదు. పాలు పడలేదు. మీ మావ గుక్క పట్టి ఏడుపు, పిల్లడు దక్కుతాడో లేదోనని ఇంటిల్లిపాదికీ ఒకటే గుబులు. వదిన ఆనపకాయ తీసింది. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. "బాలెంతకి ఆనపకాయేటే, సలవ సేసి సస్తాది." వదిన గొంతు పెంచీది కాదు. "నిజమే అత్తా, సలవే. చీనావోల్లూ అదే అంతారు. అందుకే ముందు నువ్వుల నూనిలో అల్లం ఏపుతాను. సలవ పోతాది. పెద్ద మంట మీద కలిపి, కాయ మెత్తబడిపోకుండా బేగి దించేస్తాను." అన్నట్టే దించేసి, పిల్లడి గుడ్డలు ఆరెయ్యడానికి పెరట్లోకెల్లింది. మా అమ్మ మూత తీసింది, ముక్క నొక్కింది, మెత్తగా లేదు. పచ్చి కాయే అనుకుని సెంబుడు నీల్లు పోసి, బెల్లం ముక్క ఏసి, ఉడకబెట్టీసింది. మనకి బెల్లం పడందే కూర కూరనిపించదు కదా. మంచికే సేసింది, పాపం. మామ్మ ఓ ముద్ద నోట్లో ఎట్టుకుని, కంచం తోసేసి, గోడవేపు తిరిగిపోయింది.

ఇంకోలయితే ఇల్లెక్కి అరిసీవోరు. వదిన పాదు కాడికెల్లి ఇంకో కాయ తెంపుకొచ్చింది. మూకుడు పొయ్యి మీదెట్టి, అట్లకాడ మా అమ్మ సేతిలో ఎట్టింది. "నువ్వు కలుపు అత్తా, నాను మంట సూసుకుంతాను." మా అమ్మే కలిపింది. తన సేత్తో కలిపిన కూరని పచ్చిదని ఎలాగంతాది మరి? తనే కంచం పట్టుకెల్లి "తినే, నాను సేసేను" అంది. మామ్మ తింది. మల్లీ ఎయ్యమంది. నాలుగు రోజులు అలా తినీసరికి పాలు పడ్డాయి, మీ మావ దక్కేడు. ఇంక మా అమ్మది ఈదంతా సొంత డప్పే, "నా కోడల్ని నానే వండి బతికించుకున్నాను" అని. వదిన వినీది, నవ్వీది. నాకే ఒల్లు మండి అడిగితే, "సోములూ, కూర ఎవరిదైతే ఏటి, కంచం కాలీ అయింది కదా" అంది. అలాటి మనిషి. పోయి ఎన్నాల్లయిందో, ఆ మూకుడు మాత్రం అదిగో, నీ పొయ్యి మీదే ఉన్నాది.

అల్లం ఏసేవా? ఆఁ, అదే వాసన. మంట తగ్గించకు, అలాగే కలుపు. ఉండుండు, లోపల్నించి మామ్మ ఏదో అంతంది. ఏటే నీలేణీ? ఏటి కావాల? గట్టిగా సెప్పు, ఇనబడదు.

రేఖమ్మా, బెల్లం ఎయ్యొద్దని సెప్పమంతంది. కంచం తియ్యి తల్లీ, బేగి.