కదిలే కణాల వెంట ముప్పై ఆరేళ్లు

నేడు పదవీ విరమణ చేస్తున్న మా ముఖ్య సాంకేతిక అధికారిణి 1988 జూన్ 13న ఈ పరిశోధన సంస్థ పిండాభివృద్ధి విభాగంలో సహాయకురాలిగా చేరిన నాడు వారికి అప్పగించిన పని ఒక్కటే: పొదిగే పెట్టెలోని కోడిగుడ్లను వేళకు తిప్పడం. ఆ పనిని ఎంత నిష్ఠతో చేశారంటే, నెల తిరక్కుండానే అసలు పేరు హాజరుపట్టీకి పరిమితమై, చిన్నాపెద్దా అందరికీ వారు ‘గుడ్లక్క’ అయ్యారు.

పెంకుకు గోరంత కిటికీ కోసి, లోపలి పిండానికి హాని కలగకుండా సూదితో కణాలను అమర్చే విద్యలో పదేళ్లు తిరిగేసరికి వారిది అందెవేసిన చేయి. చర్మానికి రంగునిచ్చే కణాలు పిండదశలో వెన్ను వెంబడి పుట్టి, ఎంతో దూరం ప్రయాణించి చర్మంలో స్థిరపడతాయి. అవే క్యాన్సర్ బారిన పడితే మళ్లీ ఎలా కదులుతాయన్నది మా ప్రశ్న. పిండంలో ఉంచిన క్యాన్సర్ కణాలు కనబడక, అవి నశించాయని అప్పటి మా విభాగాధిపతి ఆచార్యులవారు ప్రయోగాన్ని విరమించబోతుండగా, “చావలేదు సార్, నడుస్తున్నాయి. చిన్నప్పటి దారి మరిచిపోలేదు ఇవి” అని సూక్ష్మదర్శినిలో చూపినది వారే.

2009లో ఒక ఉదయం, ప్రయోగశాల గుమ్మం దగ్గర బల్లమీద కూర్చుని, అప్పటికి ఇక్కడే శాస్త్రవేత్తనైన నేను చెప్పులు మార్చుకుంటున్నాను.

“సార్, అరికాల్లో ఆ మచ్చేంటి?”

“పుట్టుమచ్చ అక్కా. అదృష్టమట.”

“అదృష్టానికి అంచులు ఇలా చెదరవు. నిరుడు ఇంత లేదు, నేను చూశాను. లేవండి, ఆసుపత్రికి పోదాం.”

“పదకొండింటికి మీటింగుంది కదా!”

“మీరు లేకపోయినా మీటింగు జరుగుతుంది. ఇంట్లో పిల్లలున్నారు మీకు.”

పరీక్షలో తేలినది మేము ఏళ్ల తరబడి గుడ్లలో వెంటాడిన వ్యాధే. ఇంకా లోతుకు దిగలేదు, ఎటూ పాకలేదు. శస్త్రచికిత్సతో పోయింది. ఆ రోజు మా ఆవిడ వచ్చేదాకా వారు నా పక్కనుంచి కదల్లేదు. ఈలోగా ప్రయోగశాలలో కిటికీలు కోసి ఉంచిన గుడ్లన్నీ ఆరిపోయి పాడయ్యాయి. వారి పొరపాటుతో జరిగిందనదగిన నష్టం రిజిస్టరులో అదొక్కటే. కారణం రాయవలసిన గడిలో వారు రాసినది ఒకే మాట: ‘సహోద్యోగి’.

2015లో ముఖ్య సాంకేతిక అధికారిణిగా పదోన్నతి పొందిన తరువాత కూడా, కొత్తగా చేరినవారి చేతివణుకు పోయేదాకా పక్కనే నిలబడి నేర్పిన ఓర్పు వారిది. ఆదివారాలు సైతం మాకు వదిలిపెట్టిన వారి భర్తగారికి, కుమార్తెకు మేమందరం ఋణపడి ఉన్నాము.

వారు సంపూర్ణారోగ్యంతో, కంటినిండా నిద్రతో, నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఆ నూరవ పుట్టినరోజుకు పిలిచినా పిలవకపోయినా నేను వస్తాను. అంతకాలం ఉంటానని ఆశపడే ధైర్యం నాకిచ్చింది వారే.